ఐదో రెక్క

కార్పొరేషన్ వాళ్ళిచ్చిన కాగితంలో
నవ్వుతున్న డాల్ఫిన్ ఉంది.
పెదజాలరిపేటలో పాత ఐసు గోడౌను గోడ,
అరవై రెండడుగులు,
ఉప్పుగాలి తిని పొలుసులూడుతోంది.
డాల్ఫిన్ నవ్వదండీ, అన్నాను ఇంజినీరుతో,
దాని దవడే అంత.
ఆయన నా మొహంలోకి చూశాడు.
నేను ఆయన చొక్కా మూడో గుండీలోకి.
నాలుగు బెజ్జాలుంటే రెండింట్లోంచే వెళ్ళింది దారం.

వేట నిషేధం రోజులు.
పడవలన్నీ ఒడ్డెక్కాయి.
వలలు ఒళ్ళో వేసుకున్న మనుషులకు బోలెడు తీరిక.
తీరికంటే మాటలు.
మాటలంటే నాకు
ఇంట్లో కుళాయిలన్నీ ఒక్కసారే తిప్పినట్టు.
అందుకే తెల్లారకముందే వచ్చేదాన్ని
చెవులమీద డిప్పలు పెట్టుకుని.
అవతల కొండమీద లైట్‌హౌస్ తిరుగుతుంటే
దాని లెక్కకి నా కుంచె కలుపుకుని.

ఆటిజం అని డాక్టరు రాసిచ్చింది ముప్ఫైమూడో ఏట.
అంతవరకూ నేను ఇంట్లో పెంకిదాన్ని,
బళ్ళో పొగరుబోతుని,
పెళ్ళిచూపుల్లో మూగదాన్ని.
ఆ కాగితం మడిచి రంగుల పెట్టెలో పెట్టుకున్నా,
సామాను చీటీలా.

"ఏటమ్మా, మా మొకాలు ఎయ్యవా?"
అడగని మనిషి లేదు మొదటివారం.
మొహాలు నా దగ్గర నిలవవు.
చేతులు నిలుస్తాయి.
వలదారం కోసి కోసి
రెండుగా చీలిన నూకరత్నం బొటనవేలి గోరు,
ఎల్లాజీ తాత అరచేతిలో గేలం దిగిన మచ్చ,
ఐసు మోసి తెల్లగా నానిపోయిన మాసేనమ్మ వేళ్ళు.
చేతులే వేస్తానన్నాను.
నవ్వారు.
ఎందుకో తెలియలేదు, అడగలేదు.

తొమ్మిదోనాడు ఒక కానాగంతని వేశాను,
మనిషి పొడుగున.
వెనకనుంచి గొంతు:
"నాలుగేసావు."
ఏవి?
"తోక్కాడ పిల్లరెక్కలు. పైన ఐదు, కింద ఐదు."
నిషేధంలో పచ్చిచేప ఎక్కడిది?
నూకరత్నం ఇంటికెళ్ళి
అటకమీది ఎండుచేప తెచ్చి నా చేతిలో పెట్టింది.
వేలిగోటితో లెక్కపెట్టాను.
ఐదు.

బాగుంది అన్నవాళ్ళు చాలామంది నా బొమ్మల్ని.
తప్పు అని, ఎంత తప్పో చెప్పినవాళ్ళు తక్కువ.
నా చేతులు వాటంతటవే టపటపా కొట్టుకున్నాయి,
చిన్నప్పుడు రూళ్ళకర్ర మాన్పించిన సంతోషం.
ఆమె చూసింది.
చూసి, వల దగ్గరికెళ్ళి కూచుంది.

ఇంక వరస కట్టారు.
ముడి అలా పడదని ఒకరు,
ఇంజిను ఇటుంటుందని ఒకరు.
ఎల్లాజీ తాత తాడు తెచ్చి
ముడివేసి, విప్పి, మళ్ళీ వేశాడు,
నా కళ్ళు పట్టుకునేదాకా.
"ఒకలెనక ఒకలు రండెహె!
పిల్లకి కుళాయిలెక్కువైపోతాయి,"
మాసేనమ్మ కేక.
ఒక్కసారి చెప్పానంతే తనకి.

ప్రారంభోత్సవంనాడు డప్పులు, మైకు.
గోడౌను లోపలి చీకట్లో నేను,
డబ్బా మూతలకి అట్టకట్టిన రంగు గోకుతూ.
ఆర్టిస్టు ఏరీ, ఆర్టిస్టు ఏరీ, అంటోంది మైకు.
"పన్లో ఉంది బాబూ," నూకరత్నం గొంతు.
అబద్ధం కాదు.

ఇంజినీరు డాల్ఫిన్నీ వేశాను,
కింద మూలకి, జానెడు.
నోరు మూసుకుని ఉంది.

ఎండుచేప తిరిగిస్తే పుచ్చుకోలేదామె.
పెట్టెలో వేసుకున్నా.
డాక్టరు కాగితానికిప్పుడు కానాగంత వాసన.
మూత తీస్తే చాలు,
ఎక్కడ పని చేసినా
పిల్లులొచ్చి చుట్టూ కూచుంటున్నాయి.