పద్నాలుగో గడి

జొంబా కొండ కింద, తొలకరి పడిన మూడో రోజు,
జనాభా లెక్కల కాగితాలు ప్లాస్టిక్ సంచిలో చుట్టుకుని
ఫలేసీ ఇంటికి వెళ్లాను.
తలుపుకి గొళ్ళెం. ఉండరని తెలియాల్సింది నాకు.
గట్టు మీద గొంతుక్కూర్చుని
చేలోకి కేకేసి అడిగాను,
పద్నాలుగో గడి: ప్రధాన వృత్తి.

పెద్దాడు లైసన్?
దర్జీ, అంది. బ్లాంటైర్‌లో చొక్కాల మిల్లు.
పూటకి మూడొందల కాలర్లు కుట్టేవాడు.
మిల్లు మూసి నాలుగేళ్లు.
అతను తలెత్తలేదు.
గుంటకి మూడు మొక్కజొన్న గింజలు, మళ్లీ గుంట, మళ్లీ మూడు.
కుట్టుకీ కుట్టుకీ మధ్య ఎడం
చెయ్యి ఇంకా మర్చిపోలేదు.

సికెలో?
సైకిల్ టాక్సీ. రోడ్డు ఎండి ఉన్నన్నాళ్లు.
కోడలు?
పంతులమ్మ. ట్రైనింగ్ అయింది, ఉత్తర్వు రావాలి.
వచ్చేదాకా, అదిగో,
మొక్కజొన్న సందుల్లో కందులు పెడుతోంది.

ఎకరం లేదు. ఆరు పారలు.
ఇద్దరు దిగితే మధ్యాహ్నానికి తెమిలిపోయే నేల.
చదువుకున్నవాణ్ని కదా, ఆ మాట పైకే అన్నాను.

ఫలేసీ పార మీద చేతులానించి నడుము నిలబెట్టింది.
"మిల్లు వాళ్లదీ ఇదే లెక్క నాయనా.
ఇద్దరు చాలన్నారు, తక్కినవాళ్లని గేటు బయట పెట్టారు.
ఈ చేనుకి గేటేదీ?
ఎవడొచ్చినా జరిగి చోటిస్తాం.
పని సన్నబడుతుంది. న్సిమా ముద్దా అంతే."

కాసేపాగి,
"గొప్పకి చెప్పట్లేదు.
ఫిబ్రవరిలో రా, పాత గింజ అయిపోయి కొత్తది ఇంకా కంకిలో ఉన్నప్పుడు.
ముద్ద ఎంతుందో అప్పుడు రాసుకో.
దానికేమైనా గడి ఉందా నీ కాగితంలో?"

లేదు.

వ్యవసాయం, అని రాశాను.
కింద మరో అయిదుసార్లు అదే.
లిలోంగ్వేలో ఎవరో వీటన్నిటినీ కూడతారు.
మన జనానికి మట్టంటే ప్రాణం అని
మైకు ముందు ఇంకెవరో అంటారు.

నా ఒప్పందం ఇంకా పంతొమ్మిది రోజులు.
చిరాద్జులులో మా అమ్మ
నా పారకి కొత్త కర్ర వేయించిందట, కబురొచ్చింది.
రాత్రి బసలో నా సొంత ఫారం నింపుకున్నాను.
పద్నాలుగో గడిలో: లెక్కల ఉద్యోగి.

అందరివీ పెన్నుతో రాశాను.
ఇదొక్కటీ పెన్సిలుతో.