అరసున్న

సూళ్లూరుపేటలో తెల్లారక ముందు బయల్దేరే లోకల్లో
కిటికీ పక్క చోటు కోసం
మూడేళ్లు సీజన్ టికెట్ కట్టాను.
కాలేజీ చేపాక్కంలో. చదివేది భూగర్భశాస్త్రం.
రాళ్ల పేర్లు తలకెక్కని రోజుల్లో
కంటబడ్డ ప్రతి గడపా ఎక్కాను.

మైలాపూరులో వేదాచలం మాస్టారి మేడమీద
ఏడు వారాలు మృదంగం.
"చెయ్యి లేదమ్మా నీకు" అన్నాడాయన నవ్వకుండా,
"చెవి ఉంది. అది నేనిచ్చింది కాదు, దానికి ఫీజు తీసుకోను."
ఆ నెల డబ్బు పమిట చెంగులో కట్టుకుని మెట్లు దిగాను.

పళ్లికరణై చిత్తడిలో ఇళంపరిది
నా మెడలో బైనాక్యులర్ వేసి
రాజహంసల్ని లెక్కపెట్టమన్నాడు.
నాలుగొందల పన్నెండు అన్నాను.
రెండొందల తొంభై అన్నాడు.
చెత్తదిబ్బ పొగలో దగ్గుతూ దగ్గుతూ వాదించుకున్నాం.
ఈలోగా అవి లేచిపోయాయి,
ఎవరి లెక్కా తేల్చకుండా.

నాటకాల క్లబ్బులో తెర వెనక నిలబడి మాటలందించాను.
అందరి మాటలూ నాకొచ్చు.
నాకో మాట ఏ అంకంలోనూ లేదు.

రిచీ స్ట్రీట్‌లో కొన్న పాత రేడియో విప్పాను.
బిగించలేదు.
ఇప్పటికీ బూందీ డబ్బాలో గలగలమంటుంది.

అమ్మది స్టేషన్ ఎదురుగా జిరాక్స్ షాపు.
చెడిపోయిన కాగితాల వెనక నా లెక్క రాసేది:
మృదంగం ఆరొందలు, కొట్టేసి, సున్నా.
చిత్తడికి బస్సు నూటనలభై.
నాటకం, ఇడ్లీలు.
ఓ రాత్రి పెన్ను ఆపి అంది:
"ఇన్ని గిన్నెలు ఎంగిలి చేశావు గదా,
ఏ కూర తింటావో చెప్పు, అదే వండుకుందాం."
నిద్రపోయినట్టు నటించాను.
నటన మాత్రం బాగా వచ్చినట్టుంది, దుప్పటి కప్పింది.

మూడో ఏడు వానకి తడిసి
ఎగ్మూరు లైబ్రరీలోకి దూరాను.
కనకవల్లి గారు పాత వ్యాకరణం పుటలకి
ఉల్లిపొరలాంటి కాగితం అతికిస్తున్నారు.
'వాఁడు' దగ్గర వేలు ఆపారు.
"ఈ సగం సున్నని ఎవరూ పలకరు.
ఒకప్పుడు ఇక్కడో నాదం ఉండేది, పోయింది.
పోయిన చోట ఈ గుర్తు నిలబెట్టారు.
తర్వాతివాళ్లు దండగని దీన్నీ తీసేశారు."
జిగురు ఆరేదాకా ఇద్దరం
ఆ పుట మీద ఊదుతూ కూర్చున్నాం.

ఆఖరి లోకల్ తప్పిపోయిన రాత్రి
సెంట్రల్ బయట ఒకాయన
ఇనపకడ్డీ ఒక కొస రోడ్డుకీ, ఒక కొస చెవికీ ఆనించి
గొంతుక్కూర్చున్నాడు.
పిచ్చివాడనుకున్నాను.
"వింటావా?" అన్నాడు.
నేల కింద సన్నగా, సుయ్‌మని,
ఎక్కడో పగిలిన గొట్టంలోంచి నీళ్లు.
లారీ పోయింది. మళ్లీ విన్నాను.
బస్సు పోయింది. మళ్లీ.
తెల్లారి మొదటి బండి వచ్చినా ఎక్కలేదు.

ఇప్పుడా కడ్డీ నాది. పన్నెండేళ్లయింది.
నగరం గుర్రుపెట్టే వేళ
మూడు వీధుల అవతలి కారుడు
అంగుళాల్లో చెప్పగలను.

అన్నీ పనికొచ్చాయని మాత్రం అనను.
చెవి సంగతి సరే.
పక్షులు దేనికీ రాలేదు. రేడియో అసలే.
అయినా ఎవరైనా నా పేరడిగితే
చెప్పేముందు ఓ క్షణం ఆగుతాను.
అక్కడ పలకనివి కొన్ని ఉన్నాయి.

మొన్న పళ్లికరణై రోడ్డు మీద పని.
నాలుగున్నరకి కడ్డీ చెవికి పెట్టాను.
కింద చప్పుడు లేదు.
పైన ఉంది.
తలెత్తి చూస్తే గులాబీ చారలు, నీళ్ల మీదికి దిగుతూ.
అరవై దాకా లెక్కపెట్టాను, సూపర్‌వైజర్ ఈల వేశాడు.

పదిహేనేళ్లుగా మాట్లాడని నెంబరుకి
మెసేజ్ పెట్టాను: నాలుగొందల పన్నెండు.
గొట్టం తవ్వేలోపు జవాబొచ్చింది:
రెండొందల తొంభై.