మూడు మిల్లీమీటర్లు

ఓలివా ట్రామ్ స్టాపుకి ఎదురుగా మా కొట్టు.
నవంబరు. గ్దాన్స్క్‌లో మూడున్నరకే పొద్దు గూకింది.
బోగుమిల్ గారు తలుపు తోసుకుని వచ్చి
టోపీ అయినా తీయకుండా
గళ్ల నోటుబుక్కు కౌంటరు మీద పరిచారు.

అన్నీ కొలతలే, పెన్సిలుతో.
పెట్టె లోపలి పొడవు, వెడల్పు,
స్క్రూ రంధ్రానికీ రంధ్రానికీ మధ్య దూరం,
ఆఖరికి పక్క గాజు పలక మందం కూడా.
పెట్టె ముందే కొనేశారట, పాతసామాన్ల సంతలో, చవగ్గా.
అన్నిటికన్నా చివర కొనాల్సింది అదేనని
ఏ నోటితో చెప్పను?

"ప్రాసెసర్ కూడా ఉంది"
కళ్లజోడు డబ్బా తెరిచి, జేబురుమాలు మడత విప్పారు.
పై వాటాలో కుర్రాడు ఇచ్చిందట.
కింద వెయ్యికి పైగా సూదిమొనలు. ఒక్కటీ వంగలేదు.
"బోర్డు మాత్రం కొత్తది కావాలి. అదిగో, అది."

అదిగో అన్న దానికీ సూదులే.
సూదికి సూది ఎదురొస్తే దారం ఎక్కడ ఎక్కుతుంది?
ఒకదానికైనా గుంటలుండాలి కదండీ, అన్నాను.
రెండింటినీ బల్లదీపం కిందకి జరిపి
చాలాసేపు చూశారు.
"ఆకురాయితో అయ్యే పని కాదు" అన్నారు,
ఎవరో మనిషి గురించి చెప్పినట్టు.

అంగట్లో అన్నీ ఉన్నాయి.
ఉన్నవాటిలో సగం ఒకదాని మొహం ఒకటి చూడవు.
మెమరీ బద్దకి నొక్కు గింజంత పక్కకుంటే చాలు,
ఎంత ఒత్తినా దిగదు, ఇంకా ఒత్తితే విరుగుతుంది.
నాలుగొందల యాభై వాట్ల పవర్ సప్లై
గ్రాఫిక్స్ కార్డుకి ఆకలి పుట్టిన రాత్రి
సగం దారిలో గుడ్లు తేలేస్తుంది.
ఆయన ఒక్కోటీ కొట్టేస్తూ, మళ్లీ రాస్తూ,
రబ్బరు పొట్టు ఊదుతూ.

కూలర్ దగ్గర ఆగాం.
దాని ఎత్తు నూట యాభై ఎనిమిది.
పెట్టె ఇచ్చే చోటు నూట యాభై అయిదు.
వేరేవాళ్లయితే సర్దుకుంటుందిలే అనేవారు.
ఈయన కోటు లోపలి జేబులోంచి
అరిగిన స్టీలు కాలిపర్ తీసి కూలర్‌ని కొలిచారు.
డబ్బా మీది అంకెని నమ్మలేదు.
నూట యాభై ఎనిమిదీ పాయింటు రెండు.
"ఇనుము వేసవిలో ఒళ్లు చేస్తుంది, మల్వీనా.
యార్డులో మేం ఖాళీని కూడా నక్షాలో గీసేవాళ్లం.
మనం వదలకపోతే ఓడే చోటు చేసుకుంటుంది, పగిలి."

పొట్టి కూలర్ తీసుకున్నారు. పాత ప్రాసెసర్‌కి పాత రకం బోర్డే.
బిల్లు కొడుతూ అడిగాను, ఇంత యంత్రం దేనికండీ?

"నలభై ఒక్క ఏళ్లు ఓడలు కట్టాను.
ఒక్కటీ నడపలేదు.
నడిపే ఆట ఒకటుందట కదా."

మూడు రోజులకి ఫోను.
పంకాలు తిరుగుతున్నాయి, తెర మాత్రం అమావాస్య.
విప్పి మళ్లీ బిగించారట, రెండుసార్లు.
తెర తీగ ఎక్కడ గుచ్చారండీ?
బోర్డుకి.
దాన్ని కార్డుకి మార్చండి.
అవతల కుర్చీ జరిగిన చప్పుడు, ఒక దగ్గు,
తర్వాత చాలాసేపు ఏమీ లేదు.
నేనూ పెట్టేయలేదు. కొట్లో ఎవరూ లేరు.

రాత్రి పదకొండింటికి మళ్లీ ఆయనే.
గొంతు వెనక ఓడ కూత.
"రేవు దాటాను" అన్నారు.
బాగుందా అండీ?
"నీళ్లు బాగున్నాయి.
క్రేన్లే అవతలి గట్టున పెట్టారు, వెధవలు.
ఎవరికి రాయాలో కనుక్కో."