గ్రేడు

టంగుటూరులో ఇరవై రెండేళ్ళు పొగాకు ఏరాను.
ఆకును వెలుగుకు పట్టి, తిప్పి,
వెనక ఈనె పక్కన ఆవగింజంత మచ్చున్నా
కన్ను కంటే ముందు వేలే చెప్పేది నాకు.
మచ్చాకు ఒక్కటి కలిస్తే
మండెంతా పోద్దని మేస్త్రి అరిచేవాడు.

ఆ వేలే ఒకరోజు చెప్పింది
స్నానాల దొడ్లో.
నేను వినలేదు.

మొలలనుకున్నాను. మొలలే అన్నాడు
సింగరాయకొండ రైలుకట్ట పక్కన రేకుల కొట్టాయన.
కోత లేదు, కుట్టు లేదు అని బోర్డు.
ఎనిమిది వందలు, పసరు, పత్యం.
వంకాయ మానేశాను.

తిట్టుకోవడానికి ఆ చోటికి పది మాటలుంటాయి,
పొద్దున్నే కుళాయి కాడ వినొచ్చు.
చెప్పుకోబోతే ఒక్కటీ లేదు.
'కింద' అన్నాను సువార్త సిస్టరుతో.
'ముందా, వెనకా?'

ఒంగోలు పెద్దాసుపత్రి, మందుల గది ముందు లైను.
నా వెనక చీరాల మస్తాని,
ఆధార్లో మస్తాన్, మాకు మస్తాని.
ఆమె వెనక లారీ డ్రైవరొకడు, కళ్ళ దాకా మాస్కు.
'వెనక' అన్నాను
గోడ మీద క్యాలెండరుతో.

పదహారేళ్ళుగా ఈ మందు మింగుతున్నావు,
మూడేళ్ళ కింద గర్భసంచి మూతికి కాల్పించుకున్నావు,
ఆ పురుగే వెనక్కీ పాకుద్ది అక్కా,
మేమే ముందు అడగాల్సింది, అంది.
పేరు రాసుకుంది.
మస్తాని నా భుజం మీదుగా వంగి
'నా పేరూ రాయి పాపా.
నన్నెవరూ అడగరు, అడిగినోళ్ళు నవ్వుతారు' అంది.

ఎడమ పక్కకు తిరిగి, మోకాళ్ళు కడుపులోకి.
డాక్టరు షంషాద్ చేతులు చల్లగా ఉన్నై,
చల్లగా ఉంటాయని ముందే చెప్పింది.
దూదిపుల్ల. ఆనక వేలంత గొట్టం.
ఆనక ఊరగాయ జాడీ తెరిచినట్టు పులుపు వాసన.
వినిగరమ్మా, ఇది తగిలితే
చెడ్డ చోటు తెల్లబడుద్ది,
రెండు నిమిషాలు ఆగాలి, అంది.
గోడకున్న పలకలు లెక్కపెట్టాను.
ముప్పై ఒకటి. ఒకటి పగిలింది.
ఎందుకో నవ్వొచ్చింది:
చచ్చిపోయిన మా ఆయన
ఒక్కనాడూ నన్నింత శ్రద్ధగా చూళ్ళేదు.

'ఇక్కడొకటుంది' అంది డాక్టరు.
ఆ గొంతు నాకు తెలుసు.
మచ్చాకు దొరికినప్పుడు
నా గొంతే అది.

పదిహేను రోజులకు కాయితం వచ్చింది.
హై గ్రేడు, అని చదివింది సువార్త.
మా షెడ్డులో హై గ్రేడంటే
నిమ్మపండు రంగాకు, వేలంలో ముందు పలికేది.
సంతోషపడబోయి ఆ పిల్ల మొహం చూసి ఆగాను.
'క్యాన్సరా?'
'కాదు. అవుదామా వద్దా అని కూచుని ఉంది.
ఇప్పుడే లేపేద్దాం.'

కాల్చారు.
మత్తు సూది చురుక్కుమంది గానీ
కాల్చింది తెలీలేదు. వాసన తెలిసింది.
బ్యారన్ కాడ రాత్రంతా మంట ఎగదోసినదాన్నే,
అయినా ఆ వాసన కొత్త.
అది నేను.

రోజుకు మూడుసార్లు
గోరువెచ్చటి నీళ్ళ బేసిన్లో కూచున్నాను.
దొడ్డికెళ్ళిన ప్రతిసారీ
ఆ పది మాటలూ పనికొచ్చినై,
వరసాగా, గట్టిగా.

మళ్ళీ రావచ్చంట.
ఆర్నెల్లకోసారి చూపించుకోవాలంట.
ఏటా పంటొస్తది, ఏటా ఏరమా?

నిన్న బల్ల మీద నేనూ మస్తానీ.
ఆమె కాయితంలో ఏమీ లేదు,
అయినా మడిచి జాకెట్లో పెట్టుకుని
మాటిమాటికీ తీసి చూసుకుంటోంది.
లారీ డ్రైవరు వచ్చి నిలబడ్డాడు.
మాస్కు కిందికి లాగి, మాకు కాదు,
నేలకు చెప్పినట్టు
'నాక్కూడా... కింద' అన్నాడు.

కొంచెం జరిగాం.
'కూచో నాయనా' అన్నాను.
'ముందా, వెనకా?'