దారి తెగింది

పగలంతా కట్టుడుపళ్లు చేస్తాను.
పమ్మల్‌లో మేడమీద ఒకే గది,
ప్లాస్టర్ అచ్చులు, గులాబిరంగు మైనం, స్పిరిటు దీపం వాసన.
మీనంబాక్కంలో దిగే విమానాలు
నెత్తిమీంచి కాళ్లు చాపుకుని పోతుంటే
అలమారలో దవడలన్నీ కటకటమంటాయి.

రాత్రి పదకొండుకి అదే బల్ల తుడిచి
కీబోర్డు పెట్టుకుంటాను.
వేళ్ల సందుల్లో ఇంకా తెల్లటి పొడి.
చెన్నై నుంచి రాజమండ్రి, నూట ఎనభై సీట్లు,
ఒక్క ప్రయాణికుడూ లేడు.

దారి ఎక్కించాను. ఒప్పుకోలేదు.
తేలూమ్ ఎవరో తనకు తెలియదంది.
అయిదు ఇంగ్లీషు అక్షరాలు, ఏ భాషలోనూ అర్థంలేని మాట,
సముద్రం మీద ఎవరో ఉత్త గాలికి పెట్టిన పేరు.
మొన్నటిదాకా అక్కడే మలుపు తిరిగేవాణ్ణి.
ఇప్పుడు ఆ వరసలో ఖాళీ గళ్లు,
గళ్ల కింద ఒకే ముక్క: దారి తెగింది.

సూళ్లూరుపేటలో మస్తాన్‌కి ఫోన్ చేశాను.
రొయ్యల మేత లారీలకి లెక్కలు రాస్తాడు,
రాత్రయితే నాలాగే మబ్బులెక్కుతాడు.
"సైకిల్ ఏదన్నా నీది?"
"సైకిల్ ఎప్పుడో అమ్మేశాను కదరా."
వాడి నవ్వు ఆగేలోపు
ఒక అసలు విమానం మా ఇంటిమీంచి వెళ్లిపోయింది.
ఇరవై ఎనిమిది రోజులకోసారి
ఆకాశం తన లెక్క మార్చుకుంటుందట.
"పోయినేటి పంచాంగం పట్టుకొని
ఈ ఏటి ముహూర్తం పెడితే ఎట్టన్నా?"

కొత్తది తెచ్చి నింపాను. దారి అతుక్కుంది.
దిగే చోట ఇంకో తగువు.
తెర మీది రన్‌వేకి ఒక అంకె,
నేలమీద సున్నంతో రాసింది ఇంకొకటి.
ఉత్తరం కూడా కుదురుగా ఉండదట, మస్తాన్ చెప్పాడు,
సూది ఏడాదికింత జరుగుతుందట,
జరిగినప్పుడల్లా ఎక్కడో ఎవరో
చీపురూ బకెట్టూ పట్టుకుని అంకెలు మార్చాలట.
నా దారి కొత్తది, నా నేల పాతది.
పై పలువరస ఒకరిది, కింది వరస వేరొకరిది,
నోరు మూస్తే కలవదు.
ఇది నాకు తెలిసిన జబ్బే.

పళ్ల మధ్య నీలి కాగితం పెట్టి కొరకమంటాం,
ఎక్కడ మరక పడితే అక్కడ ఆకురాయి.
అలాగే ఫైలు ఫైలుకీ నడుమ చూపు పెట్టి కూర్చున్నాను.
ఒంటిగంటకి పడింది మరక:
ఒకే పేరుతో రెండు ఫోల్డర్లు.
విమానం ఒకదాంట్లో చదువుతోంది,
నేల రెండోదాంట్లో.
నేను మేపుతున్నది ఒకదాన్నే.

పాతది తీసేయబోయి ఆగాను.
అందులో తేలూమ్ ఇంకా ఉంది.
కొత్తదాంట్లో ఆ మలుపే లేదు,
ఎవరో గీత సూటిగా లాగి ఆ మాట కొట్టేశారు.
కింద నీళ్లకి చెప్పి ఉండరు.
ఫోల్డర్ పేరు మార్చాను: "పాతది, తీయకు."

రెండుంబావుకి గాల్లోకి లేచాను.
ఎడంపక్క పులికాట్ ఉండాలి,
చీకట్లో ఉందనుకోవడమే.
సూళ్లూరుపేట దీపాలమీద రెక్కలు ఊపాను.
వాడు నిద్రపోయి ఉంటాడు.
రాజమండ్రిలో అంకెకి అంకె కలిసింది,
చక్రాలు టక్కున,
సరిగ్గా అమరిన దవడలా.
చప్పట్లు కొట్టేవాళ్లెవరూ లేరు. ఫ్యాన్ కట్టేసి పడుకున్నాను.

పొద్దున్నే పల్లావరం నుంచి వనజాక్షమ్మగారు.
కొత్త పళ్లు పెట్టుకుంటే "స" నోరు తిరగటం లేదట,
సాంబారు షాంబారవుతోందట,
మనవరాలు నవ్వుతోందట.
నీలి కాగితం పెట్టి చూశాను. ఎక్కడా మరక లేదు.
పళ్లు బాగానే ఉన్నాయి,
నాలుకే ఇంకా పాత చోట మలుపు తిరుగుతోంది.

"ఇరవై ఎనిమిది రోజులు చూడండమ్మా" అన్నాను.
"అదేం లెక్క నాయనా, నెల అనరాదూ?"
పైన ఏదో దిగుతోంది, అలమార కటకటమంది.
ఆ చప్పుడులో ఏదో చెప్పాను,
నాకూ వినబడలేదు.