టోపీకి రంగు లేదు

తెల్లరంగు ట్యూబు ఉండాది గానీ మూత తీయలేదు.
నీటిరంగుల్లో తెలుపంటే
కాగితాన్ని దాని మానాన వదిలేయడమే.
అందుకే బొమ్మ టోపీని నేను గీయలేదు,
చుట్టూ గోడ నీడ పూసి
దాని జాగా దానికి ఇడిచిపెట్టినా.

గుంతకల్లు రైల్వే కాలనీలో
మా జేజి ఆయా పని చేసేది.
ఇంజను డ్రైవరు రొజారియో పెండ్లాం
ఊరొదిలి పోతా పోతా
మూడు నెల్ల జీతం కింద ఈ బొమ్మనిచ్చిందంట.
"నీకు భలే టోపీ పెట్టిపాయనే!" అని
వాడంతా నవ్విందంట.
జేజీ నవ్విందంట,
బొమ్మను జొన్నల డబ్బా మీద కూచోబెట్టి.

పింగాణీ మొగం. ఒక కన్ను మూతపడదు.
టోపీ అంచున గుడ్డ గులాబి,
ఇప్పుడు డికాషను రంగు.
టోపీ తీస్తే నెత్తి లేదు,
గుండ్రంగా బొక్క.
జేజి అందులో అణాలు దాచేది,
మా నాయన బొడ్డుపేగు ఎండుముక్క కూడా.

తాతకు గార్డు టోపీ మీద మనసు.
పచ్చజెండా దాకా వచ్చి ఆగిపోయినాడు.
చిన్నాయనకు ఎలచ్చన్లప్పుడు
దినానికొక రంగు టోపీ.
నాయన గ్యాంగుమన్ను. రుమాలొక్కటే ఆయనకు:
పట్టాల మీద ఎండకు తలగుడ్డ,
మద్యాన్నం సద్దిమూట,
ఇన్‌స్పెక్టరు ట్రాలీ కనపడితే
నెత్తి దిగి చంకలోకి పోయేది.
పేరులో మాత్రం కుళ్లాయి ఉండాది.
గూగూడు స్వామికి మొక్కుకుంటే పుట్టిన
కుళ్లాయప్ప.
మేస్త్రీ పిలిచేవాడు, "ఏమప్పా, టోపీ!"

ఈ పొద్దు బడి లేదు.
బోరునీళ్లలో కుంచె ముంచి
టోపీ మడతకు ఒక్క తడి లాగినా,
నీలంలో కాస్త బూడిద.
ఎండకు పెట్టి, రసానికి చింతపండు నానేసి వచ్చేసరికి
మా ఊరి నీళ్లు వాటి పని అవి చేసుకున్నాయి:
తడి ఆరిన చోట
ఉప్పు గీత, వంకర్లు పోతా.

ఈ గీతను నేనెరుగుదును.
పొద్దుగూకినాక కొయ్యకు ఏలాడే రుమాల్లో
నొసలు తాకేకాడ ఉండేది.
అమ్మ చౌడుమన్నేసి ఉడకబెట్టినా
పొయ్యేది కాదు.

తుడుద్దామని స్పాంజి తీసినా.
మళ్లా పెట్టేసినా.

కిటికీ ఎండ జరిగి జరిగి
బొమ్మ నెత్తి బొక్కలోకి దూరింది.
అడుగున ఏదో మెరిసింది,
అణానో, అద్దం పెంకో.
చెయ్యి పెట్టి చూడలేదు.
టోపీ పెట్టేసినా.