దివిటీవాడి పేజీ

కొత్త పుస్తకం శుక్రవారం మధ్యాహ్నం వచ్చింది,
కోజికోడ్ నుంచి తిరిగొచ్చిన షినోజ్ పెట్టెలో
అరటికాయ చిప్సుకీ కొబ్బరినూనెకీ మధ్య,
ఒక మూల కాస్త జిడ్డు పట్టి.

మహబూలాలో మా నాలుగో అంతస్తు గది.
ఏసీ కింద బకెట్టు.
నేల మీద ప్లాస్టిక్ సుఫ్రా, దాని మీద స్టీలు పళ్ళెం.
పాచికలు పళ్ళెంలోనే వెయ్యాలి,
మంచం కిందికి దొర్లిన అంకె చెల్లదు.
అది ఏ పుస్తకంలోనూ లేదు. మా నియమం.

పాతదాన్ని ఏడేళ్ళు చదివాను.
నూట పన్నెండో పేజీలో పప్పు మరక కింద
మంచుభూతం బలమెంతో చూడకుండా చెప్పగలను.
అట్ట ఊడితే ఓబులేసు సైటు నుంచి తెచ్చిన
వెండిరంగు టేపుతో దాని వీపు కట్టాం.

కొత్తదాని వీపు విప్పితే చిటుక్కుమంది.
బొమ్మల్లో అందరి పళ్ళూ తెల్లగా.
"ఏందప్పా ఇది," అన్నాడు ఓబులేసు,
"రాక్షసులు గూడ నీళ్ళు పోసుకోనొచ్చినట్టుండారే."

మంత్రాలు కురచయ్యాయి.
గొడ్డలి దెబ్బకి రెండు పాచికలు పోయి ఒకటి మిగిలింది.
చావు మెత్తబడింది:
పాత పుస్తకంలో సున్నా అంటే సున్నా.
ఇందులో మూడుసార్లు అడుగుతారు,
నిజంగానే పోతున్నావా అని.
ఆసుపత్రిలో రాత్రి డ్యూటీ దిగి
నిద్ర లేకుండా వచ్చిన జీవమణి
"అట్లా ఎవరూ అడగరు" అని మాత్రం అని,
తన మాంత్రికురాలి కాగితం మీద పాత అంకెల్ని
రబ్బరుతో చెరపసాగింది.
కాగితం చిరిగేదాకా.

మార్పు మాకేం కొత్త?
బత్తాకా మారింది, బస్సు నంబర్లు మారాయి,
కంపెనీ పేరు మూడుసార్లు మారింది. ఫోర్‌మన్ మారలేదు.
మారినప్పుడల్లా లైన్లో నిలబడి నేర్చుకున్నాం.
చెయ్యి మాత్రం ఇంకా పాత కూడికే కూడుతోంది.
పద్నాలుగు పడితే "తగిలింది" అనేశాను.
షినోజ్ వేలు పెట్టి చూపించాడు:
"తగల్లేదు చేట్టా. ఇప్పుడు పదిహేను కావాలి."
అతని తెలుగంతా ఈ గదిలో నేర్చుకున్నదే.
గోరుచిక్కుడు అంటే తెలీదు, శాపవిమోచనం తెలుసు.

అప్పుడడిగాడు ఓబులేసు:
"మన దివిటోడు ఏ పేజీలో ఉండాడు?"

వెతికాను.
దొంగ ఉన్నాడు, పూజారి ఉన్నాడు,
వేటగాడికి నాలుగు రకాలొచ్చాయి.
దివిటీవాణ్ని తీసేశారు.
కొత్త పుస్తకంలో అందరూ చీకట్లో చూడగలరు.
చాలనివాళ్ళకి వెలుగు ఒక చిన్న మంత్రం,
మొదటి మెట్టులోనే ఉచితం.

దివిటీవాడు కమాల్‌బాషాది.
రాయచోటి మనిషి, బేకరీ వ్యాను నడిపేవాడు,
మిగిలిన బన్నులు ఆటకి తెచ్చేవాడు.
ప్రతి గుహలో మాకంటే పదడుగులు ముందు.
కత్తి ఇస్తామంటే వద్దనేవాడు,
"రెండు చేతుల్లో రెండుంటే
ఏది వదలాల్నో తెలీదన్నా."
మార్చిలో అతని అకామా కొట్టేశారు.
అతని పాచికలు ఇక్కడే ఉన్నాయి,
ఖాళీ అత్తరు డబ్బాలో.

ఎవరూ ఏమీ అనలేదు. చాయ్ పోసుకున్నాం.
ఆట మొదలుపెట్టాను.
"గుహ లోపల..." అని నోరు తెరిచి ఆగిపోయాను.
ఏడేళ్ళుగా నా దగ్గరున్న మంచి మాటలన్నీ చీకటివే.
తడి గోడ తగలడం, ఎక్కడో నీళ్ళ చప్పుడు,
వెలుగు వలయం అంచున కదిలినదేదో.
ఇప్పుడు అందరికీ అన్నీ కనిపిస్తున్నాయి.
"లోపల మూడు దారులున్నాయి" అన్నాను,
మునిసిపాలిటీ బోర్డులాగా.

"సరే, ముందెవురు నడుచ్చారు?"
ఓబులేసు జీవమణిని చూశాడు.
జీవమణి షినోజ్‌ని.
షినోజ్ పుస్తకం తిరగేశాడు, నడక వరుస గురించి
ఏమైనా రాశారేమోనని.

చివరికి ఓబులేసే పాచిక విసిరాడు.
పళ్ళెం అంచు తాకి ఎగిరి
మంచం కిందికి దొర్లింది.
చెల్లదు.
అయినా అందరం నేలకి చెంప ఆనించి వంగాం,
ఎవరో ఫోను లైటు వేశారు,
ఎంత పడిందో చూద్దామని.